ఎంత నిచ్చెన కొనాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సంక్రాంతికి ఇళ్లకు రంగులు వేయించే రోజులు దగ్గరపడుతున్నందువల్ల కాబోలు, ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం నిచ్చెనల గురించే ఉన్నాయి. ముఖ్యంగా రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి జారుతూ తాడు, గిలకల సాయంతో పైకి లేచే ఎక్స్‌టెన్షన్ నిచ్చెనల మీద సందేహాలు వచ్చాయి. ఒకే విషయం పలువురు అడిగిన చోట ఒక ఉత్తరాన్నే తీసుకొని జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మాది పాతకాలపు రెండంతస్తుల ఇల్లు. మెట్లు మొదటి అంతస్తు వరకే ఉన్నాయి. నీళ్ల ట్యాంకు కడగడానికి, వానాకాలంలో డాబా తూములకు అడ్డుపడిన ఆకులు తీయడానికి బయటినుంచే పైకి ఎక్కాలి. నేలనుంచి పిట్టగోడ పై అంచు వరకు కొలిస్తే 23 అడుగులు వచ్చింది. 24 అడుగుల అల్యూమినియం ఎక్స్‌టెన్షన్ నిచ్చెన చాలునని హార్డ్‌వేర్ షాపువారు అంటున్నారు. కొనవచ్చునా?
– విశ్రాంత ఉపాధ్యాయులు, తణుకు

జవాబు: మాస్టారూ, కొనవద్దు. ఆ నిచ్చెన మీ పిట్టగోడ అంచును అందుకోనే అందుకోదు.

షాపులో చెప్పే 24 అడుగులు రెండు 12 అడుగుల ముక్కల మొత్తం పొడవు. నిచ్చెనను పూర్తిగా సాగదీసినప్పుడు కూడా పై ముక్క, కింది ముక్క కనీసం 3 అడుగుల మేర ఒకదాని మీద ఒకటి ఉండి తీరాలి. ఎక్కే మనిషి బరువుకు నిచ్చెన నడుమ వంగుతుంది. ఆ వంపును తట్టుకునేది రెండు ముక్కలూ కలిసి ఉన్న ఆ కాస్త భాగమే కనుక, అది తగ్గితే నిచ్చెన అక్కడే విరుగుతుంది. అంటే మీకు వాడకానికి మిగిలేది 21 అడుగులు. దానినైనా నిట్టనిలువుగా నిలబెట్టలేరు. గోడకు ఆనిన చోటు ఎంత ఎత్తున ఉందో చూసి, ప్రతి 4 అడుగుల ఎత్తుకు 1 అడుగు చొప్పున నిచ్చెన కాళ్లను గోడకు దూరంగా జరపాలి; అప్పుడు నేలతో దాని వాలు సుమారు 75 డిగ్రీలు అవుతుంది. ఆ వాలులో 21 అడుగుల నిచ్చెన 20 అడుగుల ఎత్తుకు మరికొద్దిగా మాత్రమే చేరుతుంది. మీ గోడకు ఇంకా మూడడుగులకు దగ్గరగా తక్కువే.

ఇక అంచును అందుకుంటే చాలదు, దాటి పైకి మరో 3 అడుగులు నిలవాలి. నిచ్చెన మీదినుంచి డాబా మీదికి, డాబా మీదినుంచి నిచ్చెన మీదికి మారే ఆ రెండు క్షణాలే మొత్తం ప్రయాణంలో అన్నిటికన్నా ప్రమాదకరమైనవి. అప్పుడు చేతికి పట్టు దొరకాలంటే నిచ్చెన కడ్డీలు అంచుకు పైన ఉండాలి. అందుచేత మీకు కావలసిన ఎత్తు 26 అడుగులు, దానికి వాలులో పడే పొడవు 27 అడుగులు, ఒకదాని మీద ఒకటి ఉండవలసిన 3 అడుగులతో కలిపి 30 అడుగులు. కాబట్టి మీరు అడగవలసింది 15 అడుగుల ముక్కలు రెండు ఉన్న నిచ్చెన. షాపువారు మోసం చేశారని నేను అనను. వారు చెప్పింది నిచ్చెన పొడవు, మీరు కొలిచింది గోడ ఎత్తు.

కొనే ముందు మరొక కొలత తీసుకోండి. 23 అడుగుల ఎత్తున గోడకు ఆనే నిచ్చెన కాళ్లు గోడనుంచి దాదాపు 6 అడుగుల దూరంలో ఉండాలి. మన ఊళ్లలో ఇంటికీ ప్రహరీకీ మధ్య వదిలే సందు సాధారణంగా మూడడుగులే. అందులో నిచ్చెన వేస్తే అది నిట్టనిలువుగా నిలబడి, మీరు పై మెట్లకు చేరేసరికి మీ బరువుతో వెనక్కి ఒరుగుతుంది. స్థలం ఉంది కదా అని మరీ ఏటవాలుగా వేస్తే కాళ్లు జారిపోతాయి. సరైన వాలును టేపు లేకుండా చూసుకునే పద్ధతి ఒకటి ఉంది: కాలి బొటనవేళ్లను నిచ్చెన కాళ్లకు ఆనించి నిటారుగా నిలబడి, చేతులు భుజాల ఎత్తున ముందుకు చాపండి. అరచేతులు ఎదుటి మెట్టుకు చక్కగా అందితే వాలు సరిపోయినట్టే. మెట్టును చేరడానికి ముందుకు వంగవలసి వస్తే నిచ్చెన మరీ వాలిపోయినట్టు, మోచేతులు మడవవలసి వస్తే మరీ నిలువుగా ఉన్నట్టు. సందులో స్థలం చాలకపోతే ముందు వాకిలి వైపునుంచి ఎక్కే వీలుందేమో చూడాలి గానీ, సందులోనే సర్దుకుందామని అనుకోకూడదు.

మీరు అడగని మాట ఒకటి చెబుతాను, ఏమీ అనుకోకండి. 30 అడుగుల నిచ్చెనను లేపి నిలబెట్టడానికి ఇద్దరు కావలసిందే. దాచడానికి 15 అడుగుల చోటు కావాలి. పైకి చేరాక పిట్టగోడ మీదినుంచి లోపలికి దిగడం వేరే పని. అప్పుడప్పుడు తప్పనిసరిగా ఎక్కవలసిన చోటికి ప్రతిసారీ నిచ్చెన వేయడం కన్నా, మొదటి అంతస్తు వసారానుంచి డాబాకు చేతిపట్టీతో సహా ఇనుప మెట్లు ఒక్కసారి వెల్డింగ్ చేయించుకోవడం మేలు. మీ ఇంటికి నేనైతే నిచ్చెన డబ్బును దానికే పెడతాను.

ప్రశ్న: ఇంటర్నెట్ కేబుళ్లు లాగే పని చేస్తాను. మా దగ్గర ఉన్నది అల్యూమినియం నిచ్చెన. ఫైబర్ నిచ్చెన బరువు ఎక్కువ, ధర కూడా ఎక్కువ. రబ్బరు చెప్పులు వేసుకొని, కరెంటు తీగలకు తగలకుండా జాగ్రత్తగా ఉంటే అల్యూమినియంతోనే నెట్టుకు రావచ్చునా?
– కేబుల్ టెక్నీషియన్, హనుమకొండ

జవాబు: నెట్టుకు రావద్దు తమ్ముడూ. మీ పనికి ఫైబర్ నిచ్చెన తప్ప మరొకటి తగదు. అది కొనే వరకు కరెంటు స్తంభాల దరిదాపుల్లో అల్యూమినియం నిచ్చెనను భుజాన మోయడం కూడా మంచిది కాదు.

రబ్బరు చెప్పు కరెంటును ఆపుతుందన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. అరిగి, చెమటకో వానకో తడిసి, అడుగున మేకు దిగిన చెప్పు దేనినీ ఆపదు. చెప్పులు గట్టివే అయినా, ఒక చెయ్యి గోడ మీదో స్తంభం మీదో ఉంటే కరెంటు ఆ దారినే పోతుంది. నిచ్చెన కాళ్లకు ఉండే రబ్బరు తొడుగులు కూడా జారకుండా ఉండడానికి పెట్టినవే గానీ విద్యుత్తునుంచి కాపాడడానికి పెట్టినవి కావు.

మీరు రాసిన 'తగలకుండా జాగ్రత్త' అన్న మాట దగ్గర కాసేపు ఆగుదాం. నిచ్చెన మీద నిలబడిన మనిషి తీగను చూస్తూనే ఉంటాడు. తగిలేది సాధారణంగా నిచ్చెనను మోసుకొచ్చేటప్పుడో, లేపేటప్పుడో, తాడు లాగి పై ముక్కను సాగదీసేటప్పుడో. అప్పుడు ఇద్దరి కళ్లూ కింద కాళ్ల దగ్గరే ఉంటాయి. పై కొస ఎక్కడ తిరుగుతోందో చూసేవారు ఎవరూ ఉండరు. అందుకని లేపే ముందు ఒక్కసారి తల పైకెత్తి తీగలను లెక్కపెట్టండి. అమెరికా కార్మిక భద్రతా నిబంధనలు తీగలనుంచి కనీసం 10 అడుగుల దూరం పాటించమంటాయి. నేను పాటించమనేది ఇంకా కఠినం: నిచ్చెన పక్కకు ఒరిగి పడితే దాని కొస ఎంతవరకు పోతుందో, ఆ దూరంలోపల తీగ ఉండకూడదు. ఇంటికీ 11 కిలోవోల్టుల తీగకూ మధ్య అడ్డంగా కనీసం 1.2 మీటర్లు ఉండాలని మన విద్యుత్ నిబంధనలు చెబుతాయి. అది కదలని గోడకు పెట్టిన కొలత, మీ భుజం మీద ఊగే 20 అడుగుల నిచ్చెనకు కాదు.

అంత దూరం దొరకని చోట విద్యుత్ సంస్థ లైన్‌మన్ ద్వారా ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ తీగలో సరఫరా ఆపి పనికి ఇచ్చే అనుమతి) తీసుకొని, సరఫరా నిలిచిందని అతడు చెప్పిన తరువాతే నిచ్చెన వేయాలి. విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912.

ఫైబర్ నిచ్చెనకు కూడా హద్దులున్నాయి. పొడిగా, శుభ్రంగా ఉన్నంతవరకే దాని నిలువు కడ్డీలు విద్యుత్తును నిరోధిస్తాయి. మెట్లు చాలా రకాల్లో అల్యూమినియమే. తడి, బురద పట్టినప్పుడు దానిని నమ్మకూడదు. 11 కిలోవోల్టుల తీగ దగ్గర ఎంత పొడిగా ఉన్నా నమ్మకూడదు. ఎండలో ఏళ్ల తరబడి పడేస్తే పైపూత పోయి, గాజు పోగులు పైకి లేచి, పట్టుకుంటే అరచేతిలో సన్నగా గుచ్చుకొని దురద పుడుతుంది. ఆ గరుకు కనబడిందంటే దానిని కరెంటు పనినుంచి తప్పించాలి. అందుకే నీడలో దాచండి.

ఎవరి నిచ్చెన అయినా తీగకు తగిలి మనిషి అంటుకుపోతే, పరుగెత్తుకెళ్లి పట్టుకోకండి, నిచ్చెననూ ముట్టుకోకండి. ముందు సరఫరా ఆగాలి. ఆ తరువాతే 108 వాళ్లయినా మీరైనా దగ్గరకు వెళ్లగలిగేది.

ప్రశ్న: రెండు వెదురు నిచ్చెనలను కొబ్బరి తాడుతో కలిపి కట్టి మూడంతస్తుల వరకు రంగులు వేస్తుంటాము. ఇరవై ఏళ్లుగా ఇదే పద్ధతి. ఇప్పుడు ఒక ఇంటి యజమాని ఎక్స్‌టెన్షన్ నిచ్చెన వాడితేనే పని ఇస్తానంటున్నారు. అది అంత మెరుగైనదా? ఎంత బరువు ఆపేది కొనాలి?
– పెయింటింగ్ మేస్త్రి, నరసరావుపేట

జవాబు: మేస్త్రి గారూ, రెండు నిచ్చెనలను కలిపి కట్టడం కన్నా ఎక్స్‌టెన్షన్ నిచ్చెన తప్పకుండా మెరుగు. వెదురు బొంగు ఆరేకొద్దీ సన్నబడుతుంది, దానిమీది కట్టు వదులవుతుంది. వానకు తడిసిన కొబ్బరి తాడు ఎండకు ఆరినప్పుడూ అంతే. పొద్దున బిగువుగా ఉన్న కట్టు మధ్యాహ్నానికి ఎలా ఉందో పైన ఉన్న కుర్రవాడికి తెలిసే వీలు లేదు. లోపల పురుగు తొలిచిన బొంగు బయటికి నున్నగానే కనిపిస్తుంది. నిచ్చెనను నేలకు తట్టినప్పుడు సన్నని పొడి రాలితే దానిని పొయ్యిలో పెట్టవలసిందే. ఒంటి వెదురు నిచ్చెనను ఒక అంతస్తు వరకు వాడితే నాకు పేచీ లేదు.

అయితే మీకూ ఆ యజమానికీ నేను చెప్పేది ఇంకొకటి ఉంది: మూడంతస్తుల గోడకు రంగు వేయడం నిచ్చెన పనే కాదు. నిచ్చెన ఉన్నది ఎక్కి దిగడానికి, మహా అయితే పైన చిన్నపాటి పని ముగించుకోవడానికి. ఒకేసారి 30 నిమిషాలకు మించి నిచ్చెన మీద ఉండవలసిన పనికి వేరే సాధనం చూసుకోవాలని బ్రిటన్‌లోని ఆరోగ్య భద్రతా సంస్థ సూచిస్తుంది. రోలరుతో గోడంతా తిరిగే పనివాడు రోజంతా పైనే ఉంటాడు, రెండు చేతులూ పనిలోనే ఉంటాయి, దిగి జరుపుకోవడం బద్ధకమై ప్రతిసారీ పక్కకు ఇంకాస్త వంగుతాడు. బొడ్డు రెండు నిలువు కడ్డీల మధ్యనుంచి బయటికి వెళ్లిందంటే నిచ్చెన పక్కకు జారడానికి సిద్ధంగా ఉన్నట్టే. ఆ పనికి చెక్కలు పరిచి, పట్టుకోవడానికి అడ్డకర్ర కట్టిన పరంజా కావాలి. పరంజాకు అయ్యే ఖర్చును అంచనాలో ముందే విడిగా రాసి యజమానికి చూపించండి; భద్రత కోరినవారు దాని ఖర్చు కూడా భరించాలి కదా. ఈ విషయాలన్నిటి మీద భారతీయ ప్రమాణాల సంస్థ నియమావళి ఐఎస్ 3696 ఉంది. మొదటి భాగం పరంజాలకు, 1991 నాటి రెండవ భాగం నిచ్చెనలకు.

సన్‌షేడ్ కింద అతుకు వేయడం వంటి చిన్న పనులకు నిచ్చెన కొనేటప్పుడు బరువు లెక్క ఇలా వేయండి. మనిషి 80 కిలోలు; 20 లీటర్ల ఎమల్షన్ డబ్బా నిండుగా ఉంటే 25 కిలోలకు పైనే; బ్రష్షులు, పుట్టీ, పనిముట్లు మరో 5 కిలోలు. 110 దాటిపోయింది. యూరప్ ప్రమాణం ఈఎన్ 131 ప్రకారం తయారైన నిచ్చెన మీద 150 కిలోలు అని రాసి ఉంటుంది. మీకు అది సరిపోతుంది. లేబుల్ మీద బరువు రాయని నిచ్చెనను ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి. నిండు డబ్బాను మాత్రం పైకి మోయించకండి. చిన్న డబ్బాలోకి ఒంపి, కొక్కెంతో నిచ్చెనకు తగిలిస్తే రెండు చేతులూ ఎక్కడానికి మిగులుతాయి.

ప్రశ్న: అపార్టుమెంటులో ఫ్యానులు తుడవడానికి, బాల్కనీకి పావురాల వల కట్టడానికి ముక్కలు ఒకదానిలోకి ఒకటి జారి చిన్నదయ్యే టెలిస్కోపిక్ నిచ్చెన కొనాలనుకుంటున్నాను. మంచిదేనా?
– గృహిణి, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: ఫ్యానుకు వద్దమ్మా. గది నడుమ ఆనించడానికి గోడ ఉండదు కనుక, రెండు వైపులా కాళ్లుండి తనంతట తాను నిలబడే మడత నిచ్చెన చాలు. టెలిస్కోపిక్ నిచ్చెన మూలన చిన్నదిగా ఒదిగే మాట నిజమే. కానీ ప్రతి మెట్టు దగ్గరా విడివిడిగా ఉండే లాక్‌లలో దుమ్ము చేరితే ఏదో ఒకటి సగమే పడుతుంది, మూసేటప్పుడు వేళ్లు నలుగుతాయి. బాల్కనీ పనికైతే ఏ నిచ్చెనా వేయకండి. రెయిలింగ్ పక్కన రెండు మెట్లు ఎక్కేసరికి రెయిలింగ్ మీ మోకాలి కిందికి పోతుంది, ఇక అది ఉన్నా లేనట్టే. వల కట్టేవారిని నడుముకు, భుజాలకు పట్టీలు బిగించుకొని రమ్మని అడిగి మరీ పిలిపించండి.

ప్రశ్న: ఇక్కడ ఇంటి చూరు చుట్టూ ఉండే గట్టర్లలో ఆకులు తీయాలి. షాపులో టైప్ 2, టైప్ 1, టైప్ 1ఏ అని రకరకాలుగా ఉన్నాయి. ఏది తీసుకోవాలి?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, న్యూజెర్సీ

జవాబు: అవి అమెరికాలో బరువును బట్టి పెట్టిన తరగతులు. టైప్ 3 అంటే 200 పౌండ్లు, టైప్ 2 అంటే 225, టైప్ 1 అంటే 250, టైప్ 1ఏ అంటే 300, టైప్ 1ఏఏ అంటే 375. ఈ లెక్కలో మీ బరువుతోపాటు చలికోటు, బూట్లు, చేతిలోని బ్లోయర్ అన్నీ కలుస్తాయి. 180 పౌండ్ల మనిషికి నేను టైప్ 1ఏ సూచిస్తాను. ఎక్కువ బరువు తట్టుకునే నిచ్చెన కాలి కింద తక్కువ ఊగుతుంది, ఆ స్థిమితం పైన ఉన్నప్పుడు తెలుస్తుంది. రేకు గట్టరు మీద నిచ్చెనను ఆనించవద్దు. అది వంగుతుంది, నిచ్చెన పక్కకు జారుతుంది. పైభాగానికి బిగించే కొమ్ముల్లాంటి స్టెబిలైజర్ ఒకటి కొని, దానిని గోడకో కప్పుకో ఆనించండి. పై నుంచి మూడు మెట్లు నిలబడడానికి కాదని గుర్తుంచుకొని ఎత్తు ఎంచుకోండి.

ప్రశ్న: మూసేస్తున్న ఒక గోదాము నుంచి పాత ఎక్స్‌టెన్షన్ నిచ్చెన సగం ధరకు వస్తోంది. ఏమేమి చూసుకోవాలి?
– చిరు వ్యాపారి, నెల్లూరు

జవాబు: ముందుగా నేల మీద పడుకోబెట్టి, ఒక కొసన కూర్చొని ఒక కన్ను మూసి, నిలువు కడ్డీ పొడవునా చూడండి. వంపు గానీ మెలి గానీ కనబడితే అక్కడితో బేరం ఆపేయవచ్చు. వంగిన అల్యూమినియంను సుత్తితో కొట్టి సరిచేసిన గుర్తులున్నా అంతే. సాగిన చోట లోహం ముందే అలసిపోయి ఉంటుంది. ప్రతి మెట్టును రెండు చేతులతో తిప్పి చూడండి, ఏదీ కదలకూడదు. కాళ్ల రబ్బరు తొడుగులు అరిగి లోహం మెరుస్తుంటే కొత్తవి వేయించుకోవచ్చు, తాడు పీచు లేస్తే మార్చుకోవచ్చు. ఇవి బేరమాడడానికి పనికొచ్చే లోపాలు. చెక్క నిచ్చెనకు రంగు వేసి ఉంటే మాత్రం పగులు కప్పడానికేనని అనుమానించండి.

అసలు పరీక్ష లాక్‌లది, అంటే పై ముక్కను కింది ముక్క మెట్టుకు పట్టి ఉంచే రెండు కొక్కేలది. ఒకప్పుడు మా ఇంటికి కొన్న నిచ్చెనను గోడకు వేసి, తాడు లాగి, 'టక్' మన్న చప్పుడు విని ఎక్కబోయాను. నాలుగో మెట్టు మీద ఉండగా ఎందుకో తల పైకెత్తి చూస్తే, ఎడమ పక్క కొక్కెం మెట్టు కిందికి పూర్తిగా దిగి ఉంది; కుడి పక్కది మెట్టు అంచు మీద అరంగుళం మేర ఆగిపోయి ఉంది. దాని స్ప్రింగులో ఎండిన సిమెంటు బొట్టు ఒకటి ఇరుక్కుంది. విన్న చప్పుడు ఒక కొక్కెందే. అప్పటినుంచి చెవిని నమ్మడం మానేసి, రెండు కొక్కేలనూ కంటితో చూసిన తరువాతే కాలు పెడుతున్నాను. మీరు కూడా ఆ గోదాములోనే నిచ్చెనను నిలబెట్టించి, పది సార్లు సాగదీసి దించి చూడండి. పదింటిలో ఒక్కసారి ఒక్క కొక్కెం పట్టకపోయినా వదిలేయండి. రెండు ముక్కలనూ విడదీసి వేర్వేరు నిచ్చెనలుగా వాడుకోవచ్చని అమ్మేవారు చెబితే నమ్మకండి; పై ముక్కకు అడుగున పట్టు తొడుగులు ఉండవు.

పరీక్షలో తప్పిన నిచ్చెన ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే, దానిని పాత సామాన్లవారికి యథాతథంగా అమ్మకుండా, నిలువు కడ్డీలను రంపంతో నాలుగైదు ముక్కలుగా కోయించి ఇవ్వండి. అలాగే ఇస్తే తూకానికి పోకుండా మరొకరి గోడకు చేరుతుంది.